మార్కులు అడిగితే "పది" అని అక్షరాల్లో కొడుతున్నారు, ప్రోగ్రామ్ ఆగిపోతోంది

మల్లెపందిరి | కొత్త సభ్యురాలు | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. పైథాన్ మొదలుపెట్టి నెలన్నర అయింది. ల్యాబ్‌లో ఇచ్చిన ప్రోగ్రామ్ ఇది: విద్యార్థి పేరు, మూడు సబ్జెక్టుల మార్కులు అడగాలి, మొత్తం, సగటు వేసి, ఒక్కో సబ్జెక్టులో 35 వస్తే పాస్ అని చెప్పాలి. కింద ఒక్క లైను: "తప్పు ఇన్‌పుట్ ఇస్తే మళ్ళీ అడగవలెను." ఆ ఒక్క లైనే నా ప్రాణం తీస్తోంది.

ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ మీద రాస్తున్నాను కాబట్టి కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నా, ఏమీ అనుకోకండి. కంప్యూటర్‌లో మామూలుగా ఇంగ్లీషులోనే ఉంది.

మార్కు = ఇంట్(ఇన్‌పుట్("తెలుగు మార్కులు: "))

72 అని కొడితే బాగానే ఉంటుంది. పక్కన కూర్చున్న అమ్మాయి కావాలనే "పది" అని కొట్టింది. ఎర్రగా ఇంత పొడుగు వచ్చి ఆగిపోయింది. చివరి లైను: వాల్యూఎర్రర్: ఇన్‌వాలిడ్ లిటరల్ ఫర్ ఇంట్ విత్ బేస్ 10: 'పది'.

గురువారం ల్యాబ్‌లో చూపించాలి. బాగా టెన్షన్‌గా ఉంది.

---

గట్టుమీదకొబ్బరి | సోమవారం రాత్రి 9:31

టెన్షన్ ఎందుకమ్మా, ఆ ఎర్ర లైను నిన్ను తిట్టడం లేదు, జరిగింది చెబుతోంది. "పది అనేదాన్ని అంకెగా మార్చమన్నావు, నా వల్ల కాలేదు" అంటోంది. అంతే.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. ఇన్‌పుట్ ఎప్పుడూ అక్షరాల వరసే ఇస్తుంది, అంటే స్ట్రింగ్. నువ్వు 72 కొట్టినా దానికి అది '7', '2' అనే రెండు అక్షరాలే. సంఖ్యగా మార్చే పని ఇంట్‌ది. మార్చలేకపోతే అది వాల్యూఎర్రర్ విసురుతుంది. మనం దాన్ని పట్టుకోవాలి. దానికే ట్రై, ఎక్సెప్ట్. ఇవి మీకు చెప్పారా?

---

మల్లెపందిరి | సోమవారం రాత్రి 9:38

చెప్పారు అన్నా, కానీ సున్నాతో భాగహారం ఉదాహరణ ఒక్కటే. ఇక్కడ ఎలా పెట్టాలో తెలియక ఇలా చేశాను:

రాసింది = ఇన్‌పుట్("తెలుగు మార్కులు: ")
వైల్ ట్రూ:
    ట్రై:
        మార్కు = ఇంట్(రాసింది)
        బ్రేక్
    ఎక్సెప్ట్:
        ప్రింట్("తప్పు, మళ్ళీ కొట్టండి")

"పది" కొట్టగానే స్క్రీన్ నిండా "తప్పు, మళ్ళీ కొట్టండి" వానలా కురుస్తోంది. కంట్రోల్ సి నొక్కినా ఆగలేదు! కిటికీ మూసేయాల్సి వచ్చింది.

---

జావాచాయ్ | సోమవారం రాత్రి 9:44

హహ, స్వాగతం చెల్లీ. ఈ వానలో తడవకుండా ప్రోగ్రామర్ అయినవాడు ఎవడూ లేడు. జావాలో మాకూ ఇదే జరిగింది. స్కానర్‌లో నెక్స్ట్‌ఇంట్ పిలిచినప్పుడు అంకె కాకుండా "పది" ఉంటే ఎర్రర్ విసురుతుంది కానీ ఆ "పది"ని మింగదు. అది అక్కడే కూర్చుంటుంది. మళ్ళీ తిరిగి వస్తే మళ్ళీ అదే "పది". మింగదు, కక్కదు.

---

గట్టుమీదకొబ్బరి | సోమవారం రాత్రి 9:52

ఇందులో తప్పులు రెండున్నాయి, రెండూ విలువైనవే.

మొదటిది: ఇన్‌పుట్ లైను లూప్ బయట ఉంది. "మళ్ళీ కొట్టండి" అంటున్నావు, కానీ కొట్టే అవకాశం ఇవ్వడం లేదు. పాత "పది"నే పట్టుకుని తిరుగుతోంది. ఇన్‌పుట్‌ని లూప్ లోపలికి తెచ్చేయ్.

రెండోది: ఎక్సెప్ట్ పక్కన ఏ ఎర్రరో రాయలేదు. అలా ఖాళీగా వదిలేస్తే అది కనబడినదల్లా పట్టేస్తుంది. కంట్రోల్ సి నొక్కితే పైథాన్ కీబోర్డ్‌ఇంటరప్ట్ అనే ఎర్రరే విసురుతుంది, నీ ఎక్సెప్ట్ దాన్ని కూడా పట్టుకుని "తప్పు, మళ్ళీ కొట్టండి" అని ఉంటుంది. అందుకే ఆగి ఉండదు. చేపల కోసం వల వేసి మనిషిని కూడా పట్టావన్నమాట. ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్ అని రాయి. నీకు తెలిసిన తప్పునే పట్టు, తెలియనివాటిని పోనీ. అవి కనబడితేనే మంచిది.

---

సి_మాస్టారు | సోమవారం రాత్రి 10:20

పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్ళు సీ భాష చెప్పి రిటైరైనవాణ్ని. పైన జావా ఆయన చెప్పిన జబ్బు మా సీలోనూ ఉంది. సంఖ్య కావాలని స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ డి పెట్టి అడిగితే, అక్షరం వచ్చినప్పుడు అది చదవకుండా బఫర్‌లోనే వదిలేస్తుంది. వైల్ లూప్‌లో పెడితే ఇక తిరుగుడే. స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలు చదివిందో తిరిగి చెబుతుందని, దాన్ని చూసుకోవాలని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. ఒక్కరూ చూసేవారు కాదు.

అమ్మాయికి నా సలహా వేరు. ఎర్రర్ రానిచ్చి పట్టుకోవడం ఎందుకు? ముందే తనిఖీ చెయ్యి. పైథాన్‌లో ఐజ్‌డిజిట్ అని ఉందట కదా, రాసినదంతా అంకెలేనా అని చెబుతుంది. అవునంటేనే ఇంట్‌కి పంపు. గుమ్మం దగ్గరే ఆపేస్తే ఇంట్లో గొడవ ఉండదు.

---

గట్టుమీదకొబ్బరి | సోమవారం రాత్రి 10:41

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఐజ్‌డిజిట్ దగ్గర నేను ఒప్పుకోను. గుమ్మం దగ్గర కాపలావాడికీ లోపల యజమానికీ మాట కలవకపోతే గొడవ ఎక్కువవుతుంది. ఇక్కడ సరిగ్గా అదే జరుగుతుంది. చూడండి:

'-5' అని కొడితే ఐజ్‌డిజిట్ కాదంటుంది, ఇంట్ మాత్రం -5 అని హాయిగా తీసుకుంటుంది. మార్కులకి మైనస్ ఎలాగూ వద్దు, సరే. కానీ రేపు ఇదే పిల్ల ఉష్ణోగ్రతల ప్రోగ్రామ్ రాస్తుంది.

' 72 ' అని ముందూ వెనకా ఖాళీ వదిలితే ఐజ్‌డిజిట్ కాదంటుంది. ఇంట్ ఆ ఖాళీలు తనే తీసేసి 72 ఇస్తుంది.

'7_2' అంటే ఐజ్‌డిజిట్ కాదంటుంది. ఇంట్ 72 అంటుంది, పైథాన్ 3.6 నుంచి అంకెల మధ్య అండర్‌స్కోర్ ఒప్పుకుంటుంది కాబట్టి.

వర్గం గుర్తుంది కదా, '²'. దీన్ని ఐజ్‌డిజిట్ అంకె అని ఒప్పేసుకుంటుంది! లోపలికి పంపితే ఇంట్ వాల్యూఎర్రర్ విసురుతుంది. కాపలావాడు దొంగకి సలాం కొట్టి పంపినట్టు. ఐజ్‌డెసిమల్ వాడితే ఈ చివరిది పోతుంది, మిగతావి అలాగే ఉంటాయి.

అంకెగా మారుతుందో లేదో తెలిసింది ఇంట్‌కి. దాన్నే అడుగుదాం. పైథాన్ వాళ్ళ పదకోశంలో ఈ రెండు పద్ధతులకీ పేర్లే ఉన్నాయి: ముందు చేసి చూసి తప్పయితే సర్దుకోవడం ఈఏఎఫ్‌పీ, ముందు చూసి అడుగెయ్యడం ఎల్‌బీవైఎల్. పైథాన్‌లో మొదటిదే ఎక్కువ వాడతారు.

---

సి_మాస్టారు | సోమవారం రాత్రి 10:58

వర్గం గుర్తు సంగతి నాకు తెలియదు. ఇప్పుడే కొట్టి చూశాను, నిజమే. ఈ వయసులో ఇంకోటి నేర్చుకున్నాను.

అయినా ముందు చూసి అడుగెయ్యడం అన్న మాట వదులుకోను. సీలో తప్పయ్యాక పట్టుకుందాం అంటే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. గెట్స్ అని ఒక ఫంక్షన్ ఉండేది. ఎంత పొడుగు లైను ఇచ్చినా చదివేసేది, పెట్టడానికి చోటుందా లేదా అని అడగదు. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇదే: ఫింగర్ సర్వీసులో 512 బైట్ల చోట్లోకి గెట్స్‌తో అంతకంటే పొడుగైన లైను దింపింది. ఆ గెట్స్‌ని సీ భాష ప్రమాణంలోంచి 2011లో గానీ పూర్తిగా తీసెయ్యలేదు. మీ పిల్లలకి పైథాన్ చోటు సంగతి తనే చూసుకుంటుంది కాబట్టి ఈ భయం తెలియదు.

---

మల్లెపందిరి | మంగళవారం ఉదయం 7:05

మాస్టారూ, అన్నా, ఇద్దరికీ థాంక్యూ. రాత్రి ఇది రాశాను. మొదటిసారి సరిగ్గా కొడితే పనిచేస్తోంది. మొదట "పది" కొట్టి, తర్వాత 72 కొడితే మాత్రం మొత్తం వేసే దగ్గర టైప్‌ఎర్రర్ వస్తోంది, నన్‌టైప్‌నీ ఇంట్‌నీ కూడలేను అంటోంది. నేనెక్కడా నన్ అని రాయలేదు!

డెఫ్ అడుగు():
    ట్రై:
        రిటర్న్ ఇంట్(ఇన్‌పుట్("మార్కులు: "))
    ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
        ప్రింట్("అంకెల్లో కొట్టండి")
        అడుగు()

---

టెస్టర్‌అక్క | మంగళవారం ఉదయం 8:15

ఆఫీసు బస్సులో ఉన్నాను, దీనికి మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేను.

నువ్వు పెద్ద తమ్ముణ్ని పాలకి పంపావనుకో. వాడికి దొరకలేదు, చిన్న తమ్ముణ్ని పంపాడు. చిన్నోడు పాలు తెచ్చి పెద్దోడి చేతిలో పెట్టాడు. పెద్దోడు ఆ ప్యాకెట్ గట్టు మీదే వదిలేసి ఖాళీ చేతులతో నీ ముందు నిలబడ్డాడు. ఆ ఖాళీ చెయ్యే నన్.

చివరి లైనులో అడుగు() అని పిలిచావు గానీ, అది తెచ్చిన 72ని రిటర్న్ చెయ్యలేదు. రిటర్న్ అడుగు() అని రాస్తే సరిపోతుంది. కానీ నా మాట విని ఈ పని లూప్‌తోనే చెయ్యి. మొండివాడు ఒకడు వెయ్యిసార్లు తప్పు కొడితే ఫంక్షన్ తనలోకి తను వెయ్యి మెట్లు దిగుతుంది, పైథాన్ మామూలుగా ఆ దరిదాపుల్లోనే ఇక చాలు అనేస్తుంది. మళ్ళీ మళ్ళీ అడగడం అంటేనే లూప్.

---

గట్టుమీదకొబ్బరి | మంగళవారం ఉదయం 9:20

పాల ప్యాకెట్ ఉదాహరణ దొంగిలిస్తున్నాను అక్కా, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పడానికి.

చెల్లీ, ఇలా రాయి. ఒక్కసారి రాస్తే మూడు సబ్జెక్టులకీ వాడుకోవచ్చు.

డెఫ్ మార్కులు_అడుగు(సబ్జెక్టు):
    వైల్ ట్రూ:
        రాసింది = ఇన్‌పుట్(సబ్జెక్టు + " మార్కులు: ")
        ట్రై:
            మార్కు = ఇంట్(రాసింది)
        ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
            ప్రింట్("అంకెల్లో కొట్టండి, ఉదాహరణకు 72")
            కంటిన్యూ
        ఇఫ్ 0 <= మార్కు <= 100:
            రిటర్న్ మార్కు
        ప్రింట్("మార్కులు 0 నుంచి 100 లోపు ఉండాలి")

రెండు తనిఖీలు వేరువేరుగా ఉన్నాయి గమనించు. అంకెనా కాదా అన్నది ఒకటి, ఆ అంకెకి ఇక్కడ అర్థం ఉందా అన్నది ఇంకోటి. 720 అంకే, కానీ మార్కు కాదు. మెసేజ్ కూడా అందుకే రెండు రకాలు. ఒట్టి "తప్పు" అంటే అవతలివాడు ఏం తప్పు చేశాడో వెతుక్కోవాలి. నీకు ల్యాబ్‌లో వచ్చిన ఎర్ర లైనే "తప్పు" అని మాత్రం చెప్పి ఆగిపోతే ఎలా ఉండేది?

---

జావాచాయ్ | మంగళవారం ఉదయం 9:33

సరదాకి ఇంట్ దగ్గర ౭౨ అని తెలుగు అంకెల్లో కొట్టి చూడండి ఎవరైనా.

---

మల్లెపందిరి | మంగళవారం మధ్యాహ్నం 1:10

కొట్టాను. 72 వచ్చింది!! లంచ్‌లో క్లాస్ మొత్తానికి చూపించాను. మా క్లాసులో సగం మందికి ౭ ఏదో ౬ ఏదో తెలియదు, పైథాన్‌కి తెలుసు.

---

సి_మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 2:02

సంతోషం. ఇప్పుడు నాదొక ప్రశ్న. పరీక్షకి రాని పిల్లకి ఏం కొడతావమ్మా? సున్నా కొడితే రాసి సున్నా తెచ్చుకున్నట్టు. మార్కుల జాబితాలో మేము ఏబీ అని రాసేవాళ్ళం, ఆబ్సెంట్ అని. మీ ప్రోగ్రామ్ ఏబీ కొడితే "అంకెల్లో కొట్టండి" అంటుంది. గుమాస్తా ఇంకేం చేస్తాడు, సున్నా కొట్టి ముందుకెళ్తాడు. తప్పు ఇన్‌పుట్‌ని ఆపుతున్నామనుకుంటూ ఒప్పు ఇన్‌పుట్‌ని ఆపి, తప్పు సమాచారం మనమే పుట్టించినట్టు కాదా?

---

టెస్టర్‌అక్క | మంగళవారం మధ్యాహ్నం 2:25

మాస్టారూ, మీరు మా టీమ్‌లోకి వచ్చేయండి.

ఇది ల్యాబ్ ప్రోగ్రామ్‌లో మాత్రమే జరిగేది కాదు. చాలా ఏళ్ళ క్రితం మేము చూసిన ఒక సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ నంబర్ తప్పనిసరి, లేకపోతే సేవ్ అవ్వదు. కౌంటర్ దగ్గరికి ఫోన్ లేని ముసలమ్మలు వచ్చేవారు. మేము డేటా తీసి చూస్తే తొమ్మిదులు పదిసార్లు కొట్టిన నంబర్ వందల మందికి ఉంది. తనిఖీ రాసినవాడు మాత్రం "పది అంకెలు, 6 నుంచి 9 లోపు మొదలు" అని పద్ధతిగానే రాశాడు. ఆ నంబర్ ఆ తనిఖీలో బ్రహ్మాండంగా పాసవుతుంది.

ఆకారం సరిగ్గా ఉండటం వేరు, నిజం కావడం వేరు. ఆధార్ నంబర్‌లో 12 అంకెలుంటాయి, అందులో చివరిది మిగతావాటి నుంచి వెర్‌హోఫ్ అనే పద్ధతిలో లెక్కగట్టింది. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా ఆ లెక్క పట్టేస్తుంది. డచ్ గణితవేత్త వెర్‌హోఫ్ 1969లో చెప్పిన పద్ధతి. అదైనా చేతి పొరపాటునే పట్టగలదు. ఆ నంబర్ ఎదురుగా ఉన్న మనిషిదేనా అంటే దానికేం తెలుసు. (ఎవరూ సొంత ఆధార్ నంబర్ ఇక్కడ పెట్టి "చెక్ చెయ్యండి" అనకండి దయచేసి.)

---

మల్లెపందిరి | మంగళవారం రాత్రి 8:47

మాస్టారి మాట ప్రకారం ఏబీ పెట్టాను. ఇంట్ కంటే ముందే చూస్తుంది: రాసినదాన్ని స్ట్రిప్ చేసి (ముందూ వెనకా ఖాళీలు తీసేసి), అప్పర్ చేసి (పెద్దక్షరాల్లోకి మార్చి), ఏబీకి సమానమైతే నన్ రిటర్న్. ఈసారి నన్ నేనే కావాలని ఇస్తున్నా కాబట్టి భయం లేదు.

ఇంకో డౌట్. మాకు ఇంటర్నల్స్‌లో 17.5 లాంటి అరమార్కులు ఉంటాయి. ఇంట్ తీసి ఫ్లోట్ పెట్టేస్తే చాలా?

---

టెస్టర్‌అక్క | మంగళవారం రాత్రి 9:03

పెట్టు. పెట్టాక మార్కుల దగ్గర ఇంగ్లీషులో ఎన్, ఏ, ఎన్ అని మూడు అక్షరాలు కొట్టి ఏమవుతుందో చెప్పు.

---

మల్లెపందిరి | మంగళవారం రాత్రి 9:15

అక్కా, తీసుకుంది. ఎర్రర్ లేదు. మొత్తం దగ్గర కూడా ఆ మూడు అక్షరాలే వచ్చాయి, సగటూ అదే. 0 నుంచి 100 తనిఖీ కూడా దాటేసింది. నేను ఆ తనిఖీ కొంచెం మార్చి రాశాను, అందువల్లనా?

ఇఫ్ మార్కు < 0 ఆర్ మార్కు > 100:
    ప్రింట్("0 నుంచి 100 లోపు ఉండాలి")
ఎల్స్:
    రిటర్న్ మార్కు

---

టెస్టర్‌అక్క | మంగళవారం రాత్రి 9:40

అందువల్లే. నేను ఊహించినదే చేశావు, తిట్టడం లేదు, చాలామంది ఇలాగే రాస్తారు.

ఆ మూడు అక్షరాలే నాన్ (ఇందాకటి నన్ వేరు), అంటే "సంఖ్య కానిది". ఫ్లోట్‌లో అది ఒక విలువ, అందుకే ఫ్లోట్ దాన్ని ఒప్పుకుంటుంది. చిన్నదా, పెద్దదా, సమానమా అని దాన్ని దేంతో పోల్చినా కాదనే అంటుంది. సున్నా కంటే చిన్నదా? కాదు. వంద కంటే పెద్దదా? కాదు. నీ తనిఖీ చెడ్డవాటిని రెండు రకాలుగా లెక్కపెట్టి, ఆ రెండిట్లో లేనిదంతా మంచిదే అనుకుంది. నాన్ ఆ సందులోంచి దూరింది.

కొబ్బరి గారు రాసిన వాక్యం చూడు: 0 <= మార్కు <= 100 అయితేనే రిటర్న్. నాన్ సున్నాకి సమానమో పెద్దదో అవుతుందా? కాదు. అక్కడే ఆగిపోతుంది. గణితంలో రెండు వాక్యాలూ ఒకటే అనిపిస్తాయి, కంప్యూటర్‌లో కాదు. పెళ్ళిలో దొంగల ఫొటోలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడితే కొత్త దొంగ వచ్చేస్తాడు. పిలిచినవాళ్ళ జాబితా పెట్టుకుని నిలబడాలి.

అరమార్కులు మాత్రమే కావాలంటే రెండుతో గుణించి పూర్ణసంఖ్య అయిందా అని చూడు. లేకపోతే 17.3 కూడా వచ్చేస్తుంది.

---

దూరతీరం | బుధవారం తెల్లవారుజాము 4:30

న్యూజెర్సీ నుంచి. మార్కుల సంగతి తేలింది సరే, పేరు సంగతి ఎవరూ ఎత్తలేదే? పేరుకి ఏం తనిఖీ పెట్టావు చెల్లీ?

---

మల్లెపందిరి | బుధవారం ఉదయం 7:20

అది తేలిక కదా అని ఐజ్‌ఆల్ఫా పెట్టాను, అన్నీ అక్షరాలేనా అని. ఇంగ్లీషులో బాగానే ఉంది. కానీ ఇప్పుడు తెలుగులో పేర్లు కొట్టి చూస్తే పిచ్చెక్కుతోంది. రమ ఓకే. కమల ఓకే. రమణ ఓకే. సీత తప్పంటోంది! రాము తప్పు. లక్ష్మి తప్పు. సీత ఏం పాపం చేసింది?

---

గట్టుమీదకొబ్బరి | బుధవారం ఉదయం 8:10

ఇది అసలైన ప్రశ్న. నేను టీ పెట్టుకుని వచ్చి రాస్తున్నాను.

మనకి "సీ" ఒక అక్షరం. యూనికోడ్‌కి (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే పద్ధతి) అవి రెండు: "స" ఒకటి, దాని మీద గుడి దీర్ఘం ఇంకోటి. "స"ని అది అక్షరం అనే వర్గంలో పెట్టింది. గుణింతపు గుర్తుల్ని, సున్నాని, పొల్లుని మార్కులు అనే వేరే వర్గంలో పెట్టింది (నీ పరీక్ష మార్కులు కాదు, గుర్తులు). ఐజ్‌ఆల్ఫా అక్షరం వర్గాన్ని మాత్రమే ఒప్పుకుంటుంది. రమ, కమల, రమణ అన్నీ తలకట్టు అక్షరాలే, విడి గుర్తులు లేవు. సీతకి గుడి దీర్ఘం ఉంది, అందుకే బయట నిలబెట్టింది. అంటే గుణింతం లేని పేర్లకే ప్రవేశం.

నవ్వొచ్చే సంగతి: పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. మార్కులు = 72 అని నిజంగా తెలుగులోనే రాస్తే నడుస్తుంది. అంటే "మార్కులు" అన్న మాట భాషలో పేరుగా చెల్లుతుంది, అదే మాటని ఐజ్‌ఆల్ఫాకి ఇస్తే అక్షరాలు కావంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దలు.

నమూనాలతో వెతికే రీ మాడ్యూల్‌లో, మాటలో వచ్చే అక్షరం అని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడదామనుకుంటావేమో, అదీ ఈ గుర్తుల్ని ఒప్పుకోదు.

---

సి_మాస్టారు | బుధవారం ఉదయం 8:52

మరి పొడవు ఎలా లెక్కపెడుతుంది?

---

గట్టుమీదకొబ్బరి | బుధవారం ఉదయం 9:05

అదే తీరు మాస్టారూ. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. లెన్ అడిగితే 7: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "వెంకట సుబ్రహ్మణ్యేశ్వర శర్మ" 27, ఖాళీలతో కలిపి. అదే యూటీఎఫ్-8లో దాస్తే తెలుగులో ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి 77 బైట్లు.

---

సి_మాస్టారు | బుధవారం ఉదయం 9:11

మేము జీవితాంతం చార్ పేరు[50] అని రాయించాం, అంటే పేరుకి 50 బైట్ల చోటే. శర్మగారు వస్తే పక్కింటి గోడ కూలేది.

---

దూరతీరం | బుధవారం ఉదయం 9:30

నేను అడిగిందీ అందుకే. పేరు దగ్గర తెలివి చూపించినవాళ్ళ వల్ల నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. పాస్‌పోర్ట్‌లో మా ఆవిడ పేరంతా ఒకే గడిలో పడింది, రెండో గడి ఖాళీ. అమెరికా వీసాలో అలాంటివాళ్ళకి మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఇక్కడ దంతవైద్యుడి దగ్గర రిసెప్షనిస్ట్ "ఫ్నూ! ఫ్నూ!" అని పిలుస్తుంటే ఎవరో చైనా ఆవిడనుకుని మేము పావుగంట కూర్చున్నాం.

ఇంకో ఫారంలో మా నాన్నగారి ఇంటిపేరు రెండక్షరాలు అయినందుకు "కనీసం మూడు ఉండాలి" అంది. ఇంటిపేరు ఎక్కడి నుంచి పెంచాలి?

పేరంటే మనిషి చెప్పిందే. ఖాళీగా లేకపోతే చాలు, తీసుకో.

---

టెస్టర్‌అక్క | బుధవారం మధ్యాహ్నం 12:15

దాదాపు ఒప్పుకుంటాను. "ఖాళీగా లేకపోతే" అన్న చోట మాత్రం నాకో కన్ను పడింది. స్ట్రిప్ చేసి ఖాళీనా అని చూస్తారు కదా. తెలుగు టైపింగ్‌లో "రాజ్‌కుమార్" లాంటి మాటల్లో జ కింద క ఒత్తు పడకుండా ఒక కనబడని గుర్తు పెడతాం. అది ఖాళీ కాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. ఆ గుర్తొక్కటే కొట్టి ఎంటర్ నొక్కితే పేరు ఉన్నట్టే లెక్క, స్క్రీన్ మీద మాత్రం ఏమీ కనబడదు. అలా అని ఆ గుర్తుని పూర్తిగా నిషేధిస్తే రాజ్‌కుమార్‌లు ఏడుస్తారు.

నేనైతే ఇలా అడుగుతాను: ఇందులో యూనికోడ్ అక్షరం వర్గంది కనీసం ఒక్కటైనా ఉందా? ఉంటే తీసుకో. చుక్కలు, ఖాళీలు, ఇనీషియల్స్, గుణింతాలు ఎన్నున్నా పర్వాలేదు. సీత వస్తుంది, పి. రాము వస్తాడు, ఒట్టి చుక్కలూ ఒట్టి కనబడని గుర్తులూ రావు.

---

మల్లెపందిరి | బుధవారం రాత్రి 10:30

ఎనీ, ఐజ్‌ఆల్ఫా కలిపి ఒక్క లైనులో వచ్చేసింది అక్కా:

ఇఫ్ ఎనీ(అ.ఐజ్‌ఆల్ఫా() ఫర్ అ ఇన్ పేరు):

నిన్నటిదాకా "అన్నీ అక్షరాలా" అని అడిగాను, ఇప్పుడు "ఒక్కటైనా అక్షరమా" అని అడుగుతున్నా. సీత లోపలికొచ్చింది.

ల్యాబ్‌కి ముందు ఇంకేం కొట్టి చూడాలి?

---

టెస్టర్‌అక్క | బుధవారం రాత్రి 10:48

ఎంటర్ ఒక్కటే. స్పేస్ ఒక్కటే. 0, 100. వాటి అవతల -1, 101. పాస్ గీత దగ్గర 34, 35, మధ్యలో 34.5. తర్వాత ఆ మూడక్షరాలు మళ్ళీ. ఒకటి, ఇంగ్లీషు ఇ, రెండు అని కలిపి కొడితే ఫ్లోట్ దాన్ని 100 అంటుంది, ఉలిక్కిపడకు. కీబోర్డ్ పిల్లిలా తొక్కి చూడు. పడుకో.

---

మల్లెపందిరి | గురువారం సాయంత్రం 5:40

అయిపోయింది! సార్ ముందు ఎంటర్ ఒక్కటే నొక్కారు, మళ్ళీ అడిగింది. "పది" కొట్టారు, మళ్ళీ అడిగింది. 105 కొట్టారు, 0 నుంచి 100 అంది. సరే అని లేవబోతూ ఆగి, "రాని పిల్లలకి?" అన్నారు. ఏబీ కొట్టి చూపించాను. ఆయన ఇంకో రెండు సబ్జెక్టులకి మార్కులు కొట్టి ఎంటర్ నొక్కారు.

మొత్తం దగ్గర టైప్‌ఎర్రర్. నన్‌టైప్‌నీ ఫ్లోట్‌నీ కూడలేనంది. "ఈసారి నన్ నేనే కావాలని ఇస్తున్నా" అని మంగళవారం గొప్పగా రాసింది నేనే. తీసుకోవడం వరకే చూశాను, కూడేటప్పుడు ఏం చెయ్యాలో చూడలేదు. సార్ నవ్వి రికార్డు మీద సంతకం పెట్టారు, వచ్చే వారం సరిచేసి చూపించమన్నారు.

---

సి_మాస్టారు | గురువారం సాయంత్రం 6:02

ఏబీ పెట్టమన్నవాణ్ని నేనే, సగం తప్పు నాది. ఒక్క పేపర్‌కి రాకపోయినా సగటు వెయ్యం, ఫలితం దగ్గర ఆబ్సెంట్ అనే రాస్తాం. కూడే ముందు జాబితాలో నన్ ఉందా అని చూసుకో అమ్మా.

---

జావాచాయ్ | గురువారం సాయంత్రం 6:15

అవన్నీ సరే, సీత పాసయిందా?

---

మల్లెపందిరి | గురువారం సాయంత్రం 6:21

71.5 సగటు, అన్నిట్లో పాస్. రమకి ఏబీ.